బావగారి చేతిలో తాడు

నిన్న వీడియో కాల్‌లో చూసి అడిగారు కదా, "పెద్దతాత మనింటి అరుగు మీద తాడు పెట్టుకుని ఎందుకు కూర్చున్నాడు నానమ్మా?" అని. హోరులో నా మాట మీకు వినబడలేదు. ఇప్పుడు నిదానంగా చెబుతాను.

కొన్నేళ్ల కిందట తుఫాను వానకు మన చెరువు కట్ట అంచు దాకా నిండింది. కట్ట కింద ఊరు, ఊరికవతల సముద్రం. నీళ్లు పోవాల్సిన తూముకు తాటిమట్టలూ పాత వలలూ అడ్డం పడ్డాయి. ఎవరో ఒకరు మునిగి తీయాలి. మీ తాతయ్య చొక్కా విప్పాడు.

తాడు పట్టేవాణ్ణి మునిగేవాడే ఎంచుకోవడం మా ఊరి పద్ధతి. తాతయ్య చూపు వాళ్లన్న మీద, అంటే మీ పెద్దతాత మీద ఆగింది. గట్టు మీది తాటిచెట్టు కొట్టేసిన తగాదా నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో నేనే.

"తాడు మీ బావను పట్టుకోమను."

"ఒకసారి గుంజితే వదలతా, రెండుసార్లు గుంజితే లాగతా. మరిచిపోయి చావొద్దని చెప్పమ్మా మీ ఆయనకి."

"నాకు ఈత నేర్పింది తనేనని మురిసిపోతా ఉండాడు. నీళ్లు మింగిచ్చింది తప్ప నేర్పిందేం లేదని చెప్పు."

ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉన్నారు. జనం నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

తాతయ్య నడుముకు తాడు కట్టుకుని మునిగాడు. బావగారి వెనక తాడు కొస పట్టుకుని నేను నిలబడ్డాను. ఎర్రటి నీళ్ల మీద వాన చినుకులు తప్ప ఏమీ కనబడటం లేదు. కాళ్ల కింద కట్ట మెత్తబడుతోంది. తాడు బిగిసి, అలాగే ఆగిపోయింది. ఇక లాగుతాడనుకున్నాను. బావగారు లాగలేదు. తాడు వదలడం మొదలుపెట్టాడు.

నాకు ఆ తాటిచెట్టు గుర్తొచ్చింది. కొస బిగబట్టాను.

"వదులమ్మా!"

"మనిషే కనపడటం లేదు బావా! లాగండి!"

"వాడు గుంజినాడు, నా చేతికి తెలిసింది. తాడు చాలక తిరగలేకపోతా ఉండాడు. నువ్వు పట్టుకుంటే చస్తాడు. వదులు."

ఆయన నా వైపు తిరగనైనా లేదు. చూపంతా తాడు మీదే.

నా చేతికి ఏమీ తెలియలేదు పిల్లలూ. తెలుసుకునే వీలూ లేదు. వేళ్లు తెరిచాను. తాడు నీళ్లలోకి జారిపోయింది. జారుతూనే ఉంది. చివరికి అది రెండుసార్లు అదిరింది. ఈసారి నేనూ చూశాను.

అందరం కలిసి లాగాం. తాతయ్య పెదాలు నల్లబడి ఉన్నాయి, భుజానికి వల చుట్టుకుని ఉంది. తూములో నీళ్లు ఉరుముతూ కదిలాయి.

"ఇంకాస్త ముందే వదలాల్సిందని చెప్పు మీ బావకు," అన్నాడు దగ్గుతూ.

"అడ్డం పట్టుకున్నదెవురో చెప్పమ్మా," అన్నాడు బావగారు.

ఇప్పటికీ వాళ్లకు మాటల్లేవు. తూర్పున మబ్బు కమ్మితే మాత్రం ఎవరూ పిలవకుండానే ఆయన తాడుతో వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. తాతయ్య నా చేత కాఫీ పంపిస్తాడు.

నిన్న మీరు విన్న హోరు గాలిది కాదు, చెరువుది. తూములో నీళ్లు ఆగిపోయాయని ఇందాకే వచ్చి చెప్పిపోయారు. ఈ వయసులో వద్దని మీ తాతయ్యతో అన్నాను. వినకుండా చొక్కా విప్పుతున్నాడు. బావగారు లేచి నా కోసం చూస్తున్నాడు. కొస పట్టుకోవాలి, వెళ్తాను.