తెలియని వాళ్లే చెయ్యెత్తాలి

మా ఇంగ్లీషు టీచర్ పోయారని మొన్న పొద్దున మా ఊరు టేకులపల్లి నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు ఖానాపురం హవేలిలో షేర్ ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఆఫీసుకు పోవాల్సినవాణ్ణి, అటు బస్సెక్కాను. ఆవిడ బతికున్నప్పుడు ఆ దారి పట్టడానికి నాకు ఏళ్ల తరబడి తీరిక దొరకలేదు.

ఆవిడ మా అడవి పక్క బడిలో కాంట్రాక్టు టీచర్. ఏడో తరగతిలో నెల రోజులు మాకు ఒకే మాట చెప్పారు: హ్యాండ్. పుస్తకంలో దానికి చెయ్యి అని అర్థం, అంతే. ఆవిడకు అది చాలలేదు. బెంచీకి ఒక కొస పట్టుకుని ‘లెండ్ మి ఎ హ్యాండ్’ అనేవారు. ఎవరో ఒకరు లేచి రెండో కొసన ఓ చెయ్యి వేసేదాకా అర్థం చెప్పేవారు కాదు. బీడీలు చుట్టే తునికాకు ఆరబెట్టే కల్లానికి తీసుకెళ్లి, చూడకుండానే ఆకు కట్టలు కడుతున్న మా నాయనమ్మను చూపించి, ‘ఓల్డ్ హ్యాండ్’ అంటే ఇట్లా చెయ్యి తిరిగిన మనిషి అన్నారు. ‘హ్యాండ్ టు మౌత్’కు మాత్రం ఎవరినీ చూపించలేదు. రెక్కాడితేగానీ డొక్కాడని ఇళ్ల నుంచే అందరం వచ్చాం.

ఆవిడ క్లాసులో ఒక రివాజు ఉండేది. మొదట్లో, అర్థమైందా అని అడిగితే భయానికి అందరం చెయ్యెత్తేవాళ్లం. అది కనిపెట్టి పద్ధతి తిరగేశారు.

“తెలిసినోళ్లు ఊకె కూసోండ్రి. తెల్వనోళ్లే చెయ్యెత్తుండ్రి. తెల్వదని చెప్పెతందుకు సిగ్గేంది?”

ఆ ఏడే తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఆవిడను వరండాలో నిలబెట్టి, హ్యాండ్ అంటే తెలిసిన వాళ్లను చెయ్యెత్తమన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. మాకందరికీ తెలుసు మరి. నెల రోజులు చెప్పి ఒక్క మాట కూడా నేర్పలేదని రాసుకుని పోయాడు.

ఎందుకెత్తలేదని ఆవిడ అడిగితే, మీరే కదా టీచర్ ఎత్తొద్దన్నది అన్నాను. ఆవిడ నవ్వి, ఆ ముక్కే హెడ్మాస్టరుకు చెప్పమని నన్ను వెంటబెట్టుకుపోయారు. క్లాసు లీడర్ని నేనే. బల్ల మీద బెత్తం చూడగానే నా నోరు పెగల్లేదు. ఆయన రెండుసార్లు అడిగాడు. నేను నేల చూశాను.

“పో బిడ్డా, క్లాసుకు పో,” అన్నారు టీచర్.

వారం తిరక్కుండా ఆవిడను తీసేశారు. పై వాళ్లు చేతులు దులుపుకున్నారు. నేనూ అదే చేశాను కాబట్టి వాళ్లను తిట్టే హక్కు నాకు లేదు. తర్వాత ఆవిడ ఊళ్లో మిషన్ కుట్టి బతికారు. పది పాసయ్యానని చెప్పడానికి వెళితే ఇంగ్లీషులో ఎన్నొచ్చాయని అడిగారే తప్ప ఆ సంగతి ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సమాధి దగ్గర పాస్టరు, ఆమె గురించి చెప్పేవాళ్లుంటే చెయ్యెత్తమన్నారు. నేను ఎత్తాను. ఏం చెప్పాలో తెలియకే ఎత్తాను. పక్కనున్న మా క్లాసువాడు నా మొహం చూసి తనూ ఎత్తాడు. వెనక ఇంకో నాలుగు చేతులు లేచాయి.

“గింతమంది ఉన్నరా? ఒక్కొక్కరు రాండ్రి,” అన్నారు పాస్టరు సంతోషపడి.

ఎవరం కదల్లేదు. చేతులు మాత్రం దించలేదు.