బయటికి దారి అడిగే చిన్నత్త

చిన్నత్త పోయిందని చిత్తూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పూజగదిలో వత్తులు చేసుకుంటున్నాను. రెండు మాటలే చెప్పి పెట్టేశారు. చేతిలో దూది చేతిలోనే ఉంది. దీపం వెలిగించాలా వద్దా అని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

చిన్నత్త మా అత్తగారి చెల్లెలు. పిల్లలు లేరు. భర్త పోయాక కార్వేటినగరం దగ్గరి ఊరు వదిలి తిరుపతిలో మా ఇంటికి వచ్చేసింది. ఆఖరి రోజుల్లో మాత్రం చిత్తూరులో తమ్ముడి ఇంట్లో ఉంది.

పదకొండో రోజు భోజనాల దగ్గర అందరూ ఆమెను తలుచుకున్నారు. ఒకరు పులిహోర అన్నారు, ఒకరు ఆమె నవ్వు అన్నారు. నేనూ ఒకటి చెప్పాలనుకున్నాను గానీ నలుగురిలో నా గొంతు పైకి రాదు. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, ఉత్తరాలు తప్ప మరేమీ రాసి ఎరగను. అయినా ఆ చెప్పని మాట లోపలే తిరుగుతుంటే, రాస్తే అయినా నెమ్మదిస్తుందేమోనని ఇన్నాళ్లకు కలం పట్టుకున్నాను.

ఆమె మా ఇంటికి వచ్చిన కొత్తలో ఇద్దరం కొండకు వెళ్లాం. తెల్లవారుజామున మంచు కొండ మీద నుంచి జారి క్యూ గదుల ఊచల మధ్యలోంచి మెల్లగా లోపలికి వస్తోంది. మనుషుల ముఖాలు సగం సగం కనిపిస్తున్నాయి. దూరంగా ఎవరో గోవిందా అంటే, ఆ పిలుపు మంచులో తడిసి మా దాకా వస్తోంది. కంపార్ట్‌మెంట్‌లో అడుగు పెట్టకముందే చిన్నత్త గేటు దగ్గరి మనిషిని అడిగింది.

"అబ్బా, బయటికి పొయ్యే దారి యాడుండాది?"

"ఇంకా సామినే సూడలేదు. అప్పుడే ఇంటి మీద బెంగనా తల్లీ?"

"సూసినాక ఈడే కాపురం పెట్టేది లేదు గదప్పా. సెప్పు!"

వెనక వాళ్లంతా నవ్వారు. నాకు సిగ్గేసింది. లోపల కూర్చున్నాక చిన్నత్త చెప్పింది. చిన్నప్పుడు జాతరలో ఏదో ఆట చూద్దామని డేరాలోకి వెళ్లి జనంలో ఇరుక్కుపోయిందట. "లోపలికి రమ్మని అందురూ పిలస్తారు మే. బయటికి దారి మాత్రం మనమే అడుక్కోవాల" అంది. ఆ తర్వాత గమనించాను. బస్సు ఎక్కేముందే తిరుగు బస్సు ఎప్పుడో కనుక్కునేది. కల్యాణ మండపానికి వెళ్తే పెండ్లికూతురి కన్నా ముందు వెనక వాకిలి చూసి వచ్చేది. ఆ తర్వాత ఇక నిశ్చింత. ఎక్కడ కూర్చుంటే అక్కడ, అది తన ఇల్లే అన్నట్టు ఒక చిన్న కునుకు తీసేది.

తిరుపతిలో సందుకొక నెట్ సెంటర్ వెలిసిన రోజులు వచ్చాయి. శనివారం భజనలో కంజీర వాయించే అక్క మా వీధి చివరే ఉండేది. వాళ్లాయనకు పని పోయి ఇల్లు కష్టంగా నడుస్తోంది. ఒకరోజు అక్క వెలిగిపోతూ వచ్చింది. కంప్యూటర్‌లో ప్రకటనలు చూస్తూ కూర్చుంటే డబ్బు ఇస్తారట. ముందు కొంత కట్టి చేరాలట. తను చేరిపోయింది. నేను తన కింద చేరితే, ఆ తర్వాత భజనకు వచ్చే వాళ్లందరినీ చేర్చుకోవచ్చంది.

నాకూ ఒక కోరిక ఉండేది. ఇంట్లో ఎవరినీ అడక్కుండా, నా చేత్తో సంపాదించిన డబ్బుతో స్వామికి ఒక కల్యాణం చేయించాలని. మెడలో గొలుసు తాకట్టు పెట్టి, ఆ డబ్బు కొంగున ముడి వేసుకున్నాను. అక్కతో నెట్ సెంటర్‌కు బయలుదేరుతుంటే చిన్నత్త చెప్పులు తొడుక్కుంది. "నేనూ వస్తా. ఆ గది సల్లగా ఉంటాదంట గదా."

ఎండలోంచి మెట్లెక్కి ఆ గదిలోకి వెళ్లగానే ఏదో కలలోకి వెళ్లినట్టు అనిపించింది. ఏసీ చల్లదనం, నీలం తెరలు, చీకట్లో మెరిసే కంప్యూటర్లు. టై కట్టుకున్న కుర్రాడొకడు మమ్మల్ని కూర్చోబెట్టి ఏదో నొక్కాడు. ముందుగా స్వామి పటం వచ్చింది. పటం మీద పూలు రాలుతూనే ఉన్నాయి. కింద దీపం కదులుతోంది. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పటం కింద అక్క పేరు, పేరు పక్కన పెరిగిన మొత్తం.

చిన్నత్త కూడా దండం పెట్టుకుంది. తర్వాత అడిగింది.

"నాయనా, బయటికొచ్చేది ఎట్ల?"

"మెట్లు ఇటువైపమ్మా."

"మెట్లు తెలుసులే. ఈమె దుడ్డు బయటికొచ్చేది ఎట్ల?"

"అది పెరుగుతూనే ఉంటుందమ్మా."

"పెరిగింది సాలు. ఈపొద్దు మానుకుంటా అంటే ఇస్తారా?"

"ఇప్పుడే రాదమ్మా. అక్కగారి కింద ఇద్దరు చేరాలి. అప్పుడు చెక్కు వస్తుంది."

"మరి ఆ ఇద్దరికి?"

"వాళ్ల కింద చెరో ఇద్దరు."

చిన్నత్తకు కోపం రాలేదు. కొండ మీద గేటు దగ్గర అడిగిన గొంతుతోనే అడిగింది. "అంటే ఈమె బయట పడాలంటే ఇంకిద్దర్ని లోపలికి తొయ్యాల. అంతేనా నాయనా?"

అతను టై సర్దుకున్నాడు. "అందరూ బాగుపడే పథకమమ్మా. స్వామి మీద భారం వేయండి."

"సామిని సాచ్చికానికి పిలువు, వస్తాడు. జామీనుకు మాత్రం పిలవొద్దు."

కొంగు ముడి విప్పుతున్న నా చేయి ఆగిపోయింది. అక్క వైపు చూశాను. తనకు కావలసిన ఇద్దరిలో మొదటిదాన్ని నేనే. నేను చేరకపోతే తను కట్టింది తిరిగి రాదు. ఆ సంగతి తనకూ తెలుసు. అక్క తెర మీద రాలే పూలను చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, సగం విప్పిన ముడిని తనే మళ్లీ గట్టిగా వేసింది.

"వొద్దులే మే. ఇంటికి పోదాం పా."

"మరి నీదో అక్కా?"

"నాది పొయ్యిందనుకుంటా. నీది యాల పోవాల?"

మెట్లు దిగుతూ అక్క ఏడ్చింది. చిన్నత్త ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకో మే. నువ్వు బయటికొచ్చేసినావు" అంది.

"దుడ్డు లోపలే ఉండిపాయె గదత్తా."

"దుడ్డు ఆడుండాది. నువ్వు ఈడుండావు, నా పక్కన."

అక్క ఆ తర్వాత ఎవరినీ చేరమని అడగలేదు. కొన్నాళ్లకు ఆ గదికి తాళం పడింది. చేరినవాళ్లు కంపెనీతో పోట్లాడలేక, తమను చేర్పించిన చుట్టాలతోనే పోట్లాడుకున్నారు. మా భజన మాత్రం ఆగలేదు. అదీ చీలిపోయి ఆగిపోయేదేనని, అలా కాకుండా కాపాడినది అక్కేనని మా ముగ్గురికే తెలుసు. చిన్నత్త ఆ మాట మళ్లీ ఎత్తలేదు. శనివారం అందరికంటే ముందు వచ్చి, కంజీర తెచ్చి అక్క ఒళ్లో పెట్టేది. అంతే. స్వామి కల్యాణం ఇంకా చేయించలేదు నేను. "సామికేం తొందర మే" అనేది చిన్నత్త.

ఆ మెట్లు దిగిన సాయంత్రం ముగ్గురం మా మిద్దె మీద నిలబడ్డాం. శ్రీహరికోట నుంచి రాకెట్ పోతుందంటే వీధంతా మిద్దెలెక్కింది. తూర్పున ఒక నిప్పు లేచింది. చప్పుడు లేదు. వెనక తెల్లటి గీత.

"అది తిరిగొచ్చేది ఎప్పుడు?" అని అడిగింది చిన్నత్త.

"రాదంటత్తా" అన్నాను.

ఆమె కాసేపు చూసింది. "పోనీలే. ఎవర్నీ తొయ్యకుండా వొంటిగా పోతాండాది గదా" అంది. ఆ రోజంతా ఏడ్చిన అక్క అప్పుడు నవ్వింది.

చిన్నత్త పోయాక మొన్న ఒక సాయంత్రం మళ్లీ రాకెట్ పోయింది. అక్కా నేనూ మిద్దె మీద, మధ్యలో ఆమె నిలబడే చోటు వదిలి నిలబడ్డాం. నిప్పు కనుమరుగయ్యాక కూడా ఆ గీత చాలాసేపు ఉంది. గాలికి వంగి, గులాబీ రంగు పట్టి, ఎక్కడికో దారి చూపుతున్నట్టు. చీకటి పడ్డాక మెట్లు దిగి వచ్చాం.

ఈ కాగితాలు పూజగదిలో పటం వెనక పెడుతున్నాను. తను చేసిన మంచి నలుగురికీ తెలిస్తే సిగ్గుతో కంజీర పక్కన పెట్టేసే మనిషి అక్క. అందుకని, ఇవి ఎవరి చేతికి వచ్చినా దాచి ఉంచండి. ఎవరికీ చూపించకండి.