వినపడిన సర్వీసు

మీరు నవ్వుకున్నా పరవాలేదు. కొన్నేళ్ళుగా నా గుండె మీద కూర్చుని ఉన్న సంగతి ఒక ఫోను ఆట గురించి. టెన్నిస్ ఆట, అదీ ఆన్‌లైన్లో ఆడేది. ఇందులో ఎవరి ఆస్తీ పోలేదు, ఎవరి కాపురమూ చెడలేదు. అయినా ఇప్పటికీ నా పక్కన ఎవరైనా ఫోనులో ఆ ఆట తెరిస్తే, ఆ బంతి చప్పుడు వినపడగానే ఏదో పనున్నట్టు లేచిపోతాను. ఇంత చిన్నదానికి ఇంత బరువేమిటో నాకే అర్థం కాదు. తప్పు చేశానని తెలుసు. ఏది తప్పో, అది ఎక్కడ మొదలైందో మాత్రం ఎన్నిసార్లు తిరగేసుకున్నా తేలదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఆమెను ఇక్కడ సువార్తక్క అంటాను. నరసరావుపేటలో మా వీధిలోనే ఉండేవాళ్ళు. కాలేజీలో నాకంటే పై తరగతి. వాలీబాల్ ఆడేది. ఆమె ఎగిరి సర్వీసు కొడితే అవతలివాళ్ళు తేరుకునేలోపే బంతి నేలను తాకేది. నేను ఏ ఆటకూ పనికొచ్చేదాన్ని కాదు. ఆమె నీళ్ళసీసా పట్టుకుని కోర్టు పక్కన నిలబడడమే నాకు గొప్ప. ఒకసారి ఎగిరి దిగేటప్పుడు ఆమె ఎడమ మోకాలు తిరిగిపోయింది. ఆపరేషన్ తర్వాత నడక వచ్చింది, ఆట పోయింది. టీచర్ ఉద్యోగం వచ్చాక, పెళ్ళి చేసుకుని మాచర్ల వెళ్ళిపోయింది.

ఫోనులో టెన్నిస్ ఆమెకు నేర్పింది నేనే. సాయంత్రం బడి నుంచి వచ్చి టీ తాగి ఆమె, మా బట్టల కొట్టులో బేరాలు లేని వేళ చూసుకుని నేను, మైకు పెట్టుకుని కబుర్లాడుకుంటూ ఆడేవాళ్ళం. కుర్చీలో కూర్చుని కాళ్ళు రెండూ నేలకు ఆనిస్తేగానీ తనకు సర్వీసు కుదరదనేది. కొట్టులో ఎలా పడితే అలా చేరగిలబడి ఆడే నాకు అది వింతగా ఉండేది. మొదటిసారి తన సర్వీసు నన్ను దాటి వెళ్ళినప్పుడు అట్నుంచి చిన్నపిల్లలా నవ్వింది. మళ్ళీ కోర్టులోకి వచ్చినట్టుందని అంది. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. అది నిజం. నేను మొదటినుంచీ చెడ్డదాన్ని కాదు. లేక అలా అనుకుంటే హాయిగా ఉంటుందని అనుకుంటున్నానా?

ఆ ఆటలో కిటుకంతా సర్వీసులోనే ఉంది. తెర మీద వేలు ఆనిస్తే బంతి పైకి లేస్తుంది, పక్కన ఒక పట్టీ నిండుతుంది. సరిగ్గా నిండినప్పుడు వేలు జరపాలి. తొందరపడితే బంతి నెట్టుకు తగులుతుంది, ఆలస్యమైతే కోర్టు దాటిపోతుంది. మధ్యగీత మీదికి దూసుకొచ్చే గట్టి సర్వీసు ఒకటి, పక్కకు మెలితిరిగిపోయే నెమ్మది సర్వీసు ఒకటి. గట్టిదానికి అవతలివాళ్ళు వెనక్కి జరిగి నిలబడాలి, నెమ్మదిదానికి ముందుకు రావాలి. ఏది వస్తుందో ముందే తెలిస్తే సగం గెలిచినట్టే. చివరి క్షణందాకా తెలియనివ్వకపోవడమే నేర్పు. అక్క ఆ నేర్పు ఎంత బాగా పట్టిందంటే, రెండు సర్వీసులకూ బంతి ఒకేలా లేచేది. తెర ఎంతసేపు చూసినా తేడా కనిపించేది కాదు.

నాకు మాత్రం తెలిసిపోయేది. చూసి కాదు, విని. గట్టి సర్వీసుకు ముందు ఆమె లోగొంతుకతో 'ప్రభువా' అనేది. ఊపిరి పీల్చినంత చిన్నగా. నెమ్మదిదానికి అనేది కాదు. మైకులో అది నాదాకా వస్తోందని ఆమెకు తెలియదు. ఆ మాట వినపడగానే నేను వెనక్కి జరిగేదాన్ని. మొదట నాకే నవ్వొచ్చింది. తర్వాత అలవాటైపోయింది. ఆమె దేవుణ్ణి పిలుచుకుంటుంటే నేను చాటుగా విని ఆట గెలుస్తున్నాననే ఆలోచన రాకపోలేదు. వచ్చింది. వచ్చినా జరిగాను.

ఆ రోజుల్లోనే మా జిల్లాలో ఈ ఆట ఆడేవాళ్ళంతా ఒక జట్టు కట్టారు. జిల్లాల మధ్య జరిగే పోటీకి ఒక్కరినే పంపాలి. అందరూ ఆడగా చివరికి మేమిద్దరం మిగిలాం. అక్కకు ఆ పోటీకి వెళ్ళాలని ఎంత ఆశో! ఆ మోకాలితో తను మళ్ళీ ఏదైనా జట్టు తరఫున ఆడే దారి అదొక్కటే మిగిలింది. బడిలో పిల్లలకు కూడా చెప్పుకుందట. మా ఇద్దరి మ్యాచ్‌కు ముందురోజు, ఊరికే ఆడుకుంటూ వరసగా నాతో ఓడిపోయాక అడిగింది.

"ఏమే, నా సర్వీసు నీకెట్టా తెలుస్తందే? కొట్టకముందే ఎనక్కి పోతన్నావు."

నిజం నా నాలుక చివరే ఉంది.

"బంతి లేపడం ఆలస్యం చేస్తన్నావక్కా," అన్నాను. "గట్టి సర్వీసుకి చానాసేపు పట్టుకుంటన్నావు."

"అవునా? నాకే తెలవలేదు చూడు. మంచిమాట చెప్పావే."

ఎందుకు అలా అన్నాను? గెలవాలనా? నీళ్ళసీసా పట్టుకున్న పిల్ల ఒక్కసారైనా ఆమె ముందు నిలబడాలనుకుందా? ప్రార్థన విన్నానని చెప్పడానికి సిగ్గేసిందా? అన్నీ నిజమే అనిపిస్తాయి, ఏ ఒక్కటీ పూర్తిగా నిజమనిపించదు.

మర్నాడు సాయంత్రం జట్టంతా చూస్తుండగా ఆడాం. లేని ఆలస్యాన్ని దిద్దుకోబోయి ఆమె తొందరపడింది. బంతి నెట్టుకు, మళ్ళీ నెట్టుకు. ఇంకో సంగతి, ఆ రోజు ప్రతి సర్వీసుకూ 'ప్రభువా' అంది. గట్టిదానికీ, నెమ్మదిదానికీ. ఇక నేను విన్నా ఉపయోగం లేదు. వినాల్సిన అవసరమూ లేకపోయింది, తనంతట తనే ఓడిపోతోంది. చూసేవాళ్ళలో ఎవరో, టీచరమ్మ కోసం నెట్టు కాస్త కిందికి దించండర్రా అని రాశారు. ఆమె కూడా నవ్వింది. ఆట అయ్యాక, నాకు చేతగాదులేవే అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఆట తెరవలేదు. ఇక పోటీకి నేను వెళ్ళాను. అక్కడ మైకులుండవు, ఎవరి గొంతూ వినపడదు. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాను.

ఇన్నాళ్ళూ, ఒకరి ప్రార్థన దొంగిలించానని కుమిలిపోయాను. అదైనా ఇదీ అని తెలిసిన బాధ. ఈమధ్య మాచర్లలో వాళ్ళ కొత్తింటి ప్రార్థనకు వెళ్ళాక అదీ చెదిరిపోయింది. అక్క డాబా మీద నుంచి మెట్లు దిగుతోంది. ఎడమకాలు మోపినప్పుడల్లా 'ప్రభువా' అంటోంది. అదే గొంతు, అదే ఊపిరి. కుడికాలికి అనడం లేదు. నేను అలాగే చూస్తుంటే, ఆ కాలి మీద బరువు పడితే అంతేనని, అంటున్నట్టు ఆమెకే తెలియదని బావగారు చెప్పారు.

అంటే కుర్చీలో కూర్చుని కూడా, గట్టిగా కొట్టాలనుకున్నప్పుడల్లా ఆమె ఒళ్ళు ఎగరబోయిందా? కాళ్ళు నేలకు తన్నుకున్నాయా? నేను విన్నది ప్రార్థన కాదా, నొప్పా? మరి ఆఖరి రోజు ప్రతి సర్వీసుకూ ఎందుకంది? నొప్పెట్టా, భయమేసా, నిజంగానే దేవుణ్ణి పిలిచిందా? నొప్పిలో పిలిస్తే అది ప్రార్థన కాకుండా పోతుందా? నాకు తెలియదు.

అన్నాలు తినేటప్పుడు అక్క ఆ ఆట సంగతి తనే ఎత్తింది. నువ్వు చెప్పిన ఆలస్యం దిద్దుకోవడం నాకు చివరిదాకా కుదరలేదే అంటూ పెరుగు వడ్డించింది. నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆమె ఇది చదవదు. చదివినా క్షమిస్తుందో లేదో నాకు తెలియదు, అడిగే మొహమూ లేదు. ఇంతదాకా రాశాక మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆ రోజు చెప్పాల్సిన మాట ఇది. నీ బంతి ఏనాడూ ఆలస్యం కాలేదక్కా. నాకు వినపడేది, అంతే.