బావిలో ఉప్పు

అరవైల్లో జహీరాబాద్‌లో నేను అద్దెకున్న చోట మూడిళ్లకూ ఒకటే బావి. ఒక ఇంట్లో నేను, ఒక ఇంట్లో యజమానురాలు పెద్దమ్మ, మూడో దాంట్లో బట్టలకు రంగులు వేసే సాయబు, అతని ఐదుగురు పిల్లలు. ఒక ఎండాకాలం ఆ నీళ్లు ఉప్పగా మారాయి. చాయ్ తాగుతుంటే చారు తాగినట్టుండేది.

సాయబు రంగు కాగులో దోసిళ్లకొద్దీ ఉప్పు వేస్తాడు. మిగిలిన నీళ్లు బావికి ఇరవై అడుగుల దూరంలోని గుంటలో పోస్తాడు.

"నెల దినాలల్ల ఇల్లు ఖాళీ చెయ్యి సాయబూ," అంది పెద్దమ్మ.

"పిల్లలతోని ఏడికి పోవాలె అమ్మా?"

"నన్నడుగుతవేంది? బావినడుగు."

బావి తరఫున నన్నడిగారు. కెమిస్ట్రీలో డిగ్రీ ఉందని తెలుసు. ఏ క్లాసో ఎవరూ విచారించలేదు. నాకు సాయబు మీద అనుమానం. ఆ ఇంటి మీద పెద్దమ్మ తమ్ముడి కన్ను పడిందని ఆమె మీద కూడా కొంత.

గుంటలో చిక్కటి నీలిరంగు పోయించాను. బావిలో నీలం కనిపిస్తే సాయబు దోషి. రోజూ పొద్దున్నే గ్లాసుతో నీళ్లు ఎత్తి వెలుతురులో చూసేవాణ్ని. సాయబు పక్కనే నిలబడి నవ్వేవాడు. ఆ నవ్వునూ అనుమానించాను. గడువు ముగిసినా నీలం జాడ లేదు.

"గుంటకూ బావికీ సంబంధం లేదు," అని ప్రకటించాను. పెద్దమ్మ ఒప్పుకోక తప్పలేదు.

ఆ సాయంత్రం సాయబు నా గదికొచ్చాడు.

"సాబ్, మన ఎర్రమట్టి రంగును పట్టుకుంటది. ఉప్పును పట్టుకోదు."

వెళ్లి గుంట తవ్వాను. నీలం జానెడు లోతులోనే ఆగిపోయింది. దాని కింద ఎర్రరాయి, తేనెపట్టులా అన్నీ బొక్కలే. ఉప్పు అందులోంచి నీళ్లతో కలిసి తాపీగా బావిదాకా నడిచిపోయింది. ఇది నేను పరీక్షలో రాసిన సంగతే.

"ముందే ఎందుకు చెప్పలె?"

"ఇల్లు పోతది గద సాబ్. కాని నా పిల్లలు గూడ గవే నీళ్లు తాగుతున్రు. రేపటిసంది రంగునీళ్లు కావడితోని ఊరవతల పోస్త."

పొద్దున్నే పెద్దమ్మ కావడిని చూసింది.

"గుంట ఉండంగ గంత దూరం మోసుడెందుకు?"

సాయబు నా వైపు చూశాడు.

"నేనే చెప్పిన పెద్దమ్మా."

"సంబంధం లేదంటివి గద?"

"లేదు. ఇగముందు గూడ ఉండొద్దని."

ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసింది. సాయబు ఆ ఇంట్లోనే ఉన్నాడు. నీళ్లు మామూలు కావడానికి రెండు వానాకాలాలు పట్టింది. అన్నాళ్లూ పెద్దమ్మ నన్ను ఏ విషయంలోనూ సలహా అడగలేదు.