పగులు మీద గాజుపలక

వెంకటేశ్వర్లు సారుకు ఎక్కడైనా పగులు కనిపిస్తే చాలు, దాని మీద అడ్డంగా ఒక గాజుపలక అంటించేస్తారు. గోడైనా, మెట్టైనా, బండైనా ఆయనకు తేడా లేదు. మైక్రోస్కోపు కింద పెట్టే సన్నటి గాజుపలకలు ఒక జేబులో, జిగురు ట్యూబు ఇంకో జేబులో ఎప్పుడూ ఉంటాయి. పలక ఒక కొస పగులుకు ఇటు, రెండో కొస అటు అంటించి, స్కెచ్ పెన్నుతో తారీకు వేసి, ఎవరో శాలువా కప్పినంత తృప్తిగా వెళ్ళిపోతారు. పగులు వెంట్రుకవాసి పెరిగినా గాజు విరుగుతుంది. విరగకపోతే పగులు కదలనట్టు. అంతే శాస్త్రం.

ఆ పలకలు ఇవ్వవలసినవాడు గట్టయ్య. జియాలజీ డిపార్ట్‌మెంటులో ఇరవై ఆరేళ్ళుగా ల్యాబ్ అటెండరు. లాలాపేట్ నుంచి సైకిలు మీద వచ్చి, పొద్దున్నే ల్యాబ్ తాళం తీసేసరికి సారు గుమ్మంలో నిలబడి ఉండేవారు.

"రెండు పలకలియ్యప్పా గట్టయ్యా."

"మొన్ననే పన్నెండు ఇచ్చిన గద సార్."

"పన్నెండు పగుళ్ళు దొరికినాయి."

సారుది అనంతపురం పక్క ఊరు. హైదరాబాదు వచ్చి ముప్పై ఏళ్ళయినా ఆయన మాట అక్కడే ఉండిపోయింది. సారుకు పిచ్చి కొంచెం ముదిరిందని గట్టయ్య నమ్మకం. అయినా ఆ మాట ఇంకెవరైనా అంటే ఊరుకునేవాడు కాదు.

హబ్సిగూడలో దేవేందర్ టిఫిన్ సెంటర్ ఉంది. అక్కడ చేతులు కడుక్కునే చోట గోడకు నిలువునా పగులు ఉంది. సారు దాని మీద ఒక పలక అంటించారు. దేవేందర్ లబలబలాడాడు.

"సార్, గిరాకీకి వచ్చినోళ్ళు ఇదేందని అడుగుతున్నరు. బిల్డింగ్ కూలుతదా అని పరేషాన్ అయితున్నరు."

"గాజు బాగున్నంతసేపు కూర్చొని తినమను. విరిగిందంటే పార్సెల్ కట్టియ్యి."

ఈ మాట నలుగురి నోళ్ళలో పడింది. అప్పటినుంచి అక్కడికొచ్చే స్టూడెంట్లు ముందు గోడ చూసి, తరవాతే ఇడ్లీ చెప్పేవారు. దేవేందర్ కూడా అలవాటుపడి, రోజూ అగరుబత్తి తిప్పేటప్పుడు దేవుడి పటంతోపాటు గాజుపలక ముందు కూడా ఒక చుట్టు తిప్పడం మొదలుపెట్టాడు.

తార్నాకలో సారు ఇంటి పరిస్థితి వేరే చెప్పక్కరలేదు. కింది గది నిండా రాళ్ళు. ఆయన భార్య రమాదేవిగారు ఆ గది ఖాళీ చేయమని పెళ్ళయిన ఏడాది మొదలుపెట్టి ఇంకా చెబుతూనే ఉన్నారు. ఒక చలికాలం ఆవిడ మడమలు పగిలితే సారు కిందికి వంగి అదేపనిగా చూశారట. "గాజు తెచ్చారో, రేపటినుంచి మీ టిఫిన్ దేవేందర్ దగ్గరే" అన్నారట ఆవిడ. సారు వెళ్ళి వ్యాజిలిన్ కొనుక్కొచ్చారు. కానీ స్కేలు పెట్టి కొలిచాకే రాశారు.

క్లాసులో మాత్రం ఆయన ముందు ఎవరూ కునికేవారు కాదు. ఫస్ట్ ఇయర్ పిల్లలకు మొదటి పాఠం ఆయనదే.

"భూమి ఊరికే కూర్చోదు. మన కాళ్ళ కింది నేల మొత్తం, గోరు పెరిగినంత నిదానంగా, ఈశాన్యానికి పోతానే ఉండాది. మీరు డిగ్రీ అయ్యేలోపల తార్నాక బెత్తెడు పైనే జరుగుతాది. సప్లిమెంటరీలు రాసేవాళ్ళకైతే జానెడు."

ఒకరోజు దినేష్ అనే పిల్లవాడు అరగంట ఆలస్యంగా వచ్చి, "క్లాసు కొంచెం జరిగిపోయింది సార్, వెతుక్కుంటూ వచ్చాను" అన్నాడు.

"నీ హాస్టలూ దాంతోపాటే జరిగింటాది కదప్పా. కూర్చో."

హైదరాబాదు బండరాళ్ళ గురించి చెప్పేటప్పుడు సారు గొంతే మారిపోయేది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండే ఆ రాళ్ళను ఎవరూ పేర్చలేదనీ, అవన్నీ ఒకప్పుడు నేల లోపలి ఒకే బండ అనీ చెప్పేవారు. పగుళ్ళలోకి నీళ్ళు దిగి, చుట్టూ ఉన్న రాయి మురిగి మట్టయి, ఆ మట్టి వానలకు కొట్టుకుపోతే మిగిలినవే ఈ గుండ్లు. "ఎండ, వాన, చెట్టు వేరు. ఈ ముగ్గురూ కూలికి వచ్చినోళ్ళు. ఆదివారం లేదు, పండగ లేదు. ఎంత పెద్ద రాయైనా వీళ్ళ చేతిలో పిండి కావాల్సిందే" అనేవారు. వెనక బెంచీ దగ్గర చార్టులు సర్దుతూ గట్టయ్య ఈ పాఠం ఇరవై ఆరుసార్లు విన్నాడు. విన్నాడే కానీ, ఏమీ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఆ ఆగస్టులో అలాంటి తప్పు చేసేవాడు కాదు.

ఆ నెల డిపార్ట్‌మెంటుకు ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తుందని కబురొచ్చింది. హెడ్ కమలాదేవి మేడం తన గదికి కొత్తగా రంగు వేయించి, కుర్చీ వెనక గోడ మీదున్న గాజుపలకను గీకించేశారు. "కమిటీ వెళ్ళేదాకా ఒక్క స్లైడ్ కూడా బయటికి పోకూడదు, గట్టయ్యా" అని పలకల బీరువాకు తాళం వేయించారు. వెంకటేశ్వర్లు సారును ఫైళ్ళ ముందు కూర్చోబెట్టారు. పొద్దున్నే సారు వాకింగుకు పోయే అలవాటు కూడా రెండు వారాలు ఆగిపోయింది.

ఆ రెండు వారాలూ సారు గట్టయ్యను రోజూ ఒకే మాట అడిగారు.

"మాణికేశ్వర్ నగర్‌లో అమృతమ్మ ఇంటి వెనక రాయి ఉండాది కదా. దాని మీద గాజు ఎట్లుంది?"

"మంచిగున్నది సార్."

అమృతమ్మ గట్టయ్యకు చెల్లెలి వరస. హాస్టల్ మెస్సులో రొట్టెలు చేస్తుంది. ఒక్కతే ఉంటుంది. ఆమె ఇంటి వెనక గోడను ఆనుకుని ఏనుగంత బండ ఉంది. ఆమె దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటుంది. గట్టయ్య ఇంటికి పోతూ పోతూ రోజూ చూసే వెళ్ళేవాడు. అతను చెప్పింది అబద్ధమేమీ కాదు. గాజు బాగానే ఉంది.

కమిటీ వచ్చిన రోజు వాన దంచి కొడుతోంది. మీటింగు పదకొండుకు. పదిన్నరకు గట్టయ్య సారు బల్ల మీద టీ పెట్టాడు.

"అమృతమ్మ రాయి?"

"మంచిగున్నది సార్. నిన్ననే కొత్తది అంటిచ్చిన."

సారు టీ గ్లాసు పెదవి దాకా వచ్చి ఆగింది. "కొత్తదా?"

"పాతది పలిగింది సార్. పోరగాళ్ళు క్రికెట్ ఆడి కొట్టినట్టున్నరు. అమృత శరమిందా అయింది, సారు పలక మా ఇంటికాడ పలిగె, ఏమనుకుంటడో అని. అందుకని నేనే జిగురు పెట్టిన. పరేషాన్ కాకుండ్రి, ఈ పదిహేను రోజుల్ల మూడుసార్లు మార్చిన. మీ తారీకు గూడ అట్లనే రాసిన."

బీరువా తాళం తన దగ్గరే ఉండగా సారు పని ఆగనివ్వలేదని గట్టయ్యకు లోపల కొంచెం గర్వంగానే ఉంది. సారు మొహం చూశాక ఆ గర్వం దిగిపోయింది. ఆయన తిట్టలేదు. గొడుగు కూడా తీసుకోకుండా లేచి బయటికి నడిచారు. నడుస్తున్నారనే గట్టయ్య అనుకున్నాడు. గేటు దాటాక చూస్తే పరుగెత్తుతున్నారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి వానలో అలా పోవడం చూసి గట్టయ్యకు భయం పుట్టింది. సైకిలు వదిలేసి వెనకే ఉరికాడు.

అమృతమ్మ స్టవ్ మీద పప్పు పెట్టి ఉంది.

"బయటికి రామ్మా. సామాన్లు తరవాత."

"గీ వానల యాడికి పోవాలె సారూ? పలక విరగనంత దాంక ఫికరు లేదని మీరే చెప్తిరి. సూడుండ్రి, మంచిగనే ఉన్నది."

నిజమే. గోడ పక్క సందులోంచి చూస్తే బండ మీద నిన్నటి పలక నిగనిగలాడుతోంది. పదకొండేళ్ళుగా తాను చెబుతున్న మాటే తనకు అడ్డం తిరిగితే సారు ఏం వాదిస్తారు? గుమ్మంలో ఉన్న ప్లాస్టిక్ స్టూలు తెచ్చి, సరిగ్గా ఆ వెనక గోడకే వీపు ఆనించి కూర్చున్నారు.

"ఏంది సారూ?"

"నువ్వు లేచినప్పుడే నేనూ లేస్తా."

తప్పు తనది కాబట్టి గట్టయ్య కూడా వెళ్ళి సారు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇంతలో సారు ఫోను మోగింది. కమలాదేవి మేడం గొంతు గట్టయ్యకు కూడా వినిపించింది.

"వెంకటేశ్వర్లుగారూ, కమిటీ వచ్చి కూర్చుంది. ఎక్కడున్నారు మీరు?"

"రాయి కింద ఉన్నా మేడం."

"ఫీల్డ్ విజిట్టా? ఇవాళా?"

"అట్లనే రాసుకోండి."

ఆయన ఫోను జేబులో పెట్టుకుంటుండగా సందులోంచి టిక్కుమని చిన్న చప్పుడైంది. పోరగాళ్ళు ఎవరూ లేరు. ఆ వానలో క్రికెట్ ఆడేవాళ్ళు కూడా లేరు. అమృతమ్మ తొంగి చూసింది. పలక నడిమికి విరిగి ఉంది. ఆమె స్టవ్ కట్టేసి, పప్పు గిన్నె చేతిలోకి తీసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. పక్కనున్న రెండిళ్ళవాళ్ళను కూడా సారే తలుపులు బాది లేపారు. రానన్న ఒక ముసలాయన్ని గట్టయ్య వీపున వేసుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి బండ పగులు వెంబడి విడిపోయి, ముందు సగం నింపాదిగా కిందికి జారి, వెనక గోడను వంటింట్లోకి తోసి ఆగింది. సారు కూర్చున్న స్టూలు దాని కింద పడి అప్పడమైంది. మనిషికి గీత కూడా పడలేదు.

ఆ సాయంత్రానికి తార్నాకలో ముప్పై ఏళ్ళుగా జరగని పని జరిగింది. కింది గది ఖాళీ అయింది. అమృతమ్మ పడుకోవడానికి చోటు కావాలని సారు స్వయంగా రాళ్ళు మోసి డాబా మీద పెట్టారు. రమాదేవిగారు ఆనందం పట్టలేక అమృతమ్మకు రెండుసార్లు కాఫీ ఇచ్చారు. "ఉన్నన్నాళ్ళు ఉండమ్మా. నువ్వు వెళ్ళిపోతే రాళ్ళు దిగొస్తాయి" అన్నారు.

గది ఊడుస్తూ అమృతమ్మ గట్టయ్యతో అంది. "సారు మొదలు పలక పెట్టింది మా ఇంటికాడనే అన్నా. పదకొండేండ్ల కింద. నేను కాళ్ళ మీద పడ్డ. సారూ, ఎవ్వరన్న సూస్తే ఈ ఇల్లు పడిపోయేది అంటరు, ఆఫీసరోళ్ళు ఖాళీ చెయ్యమంటరు, నేను యాడ బతకాలె అని ఏడ్చిన. ఏం మాట్లాడకుండ పోయిండు. తెల్లారి టిఫిన్ సెంటర్ల ఒకటి పెట్టిండు, గేటుకొకటి పెట్టిండు, ఇగ యాడ వడితే ఆడ అంటిచ్చుడు షురూ చేసిండు. అన్ని దిక్కుల ఉన్నంక మా ఇంటి పలకను ఎవ్వరు అడగలే. నా నసీబు మంచిగుండె."

గట్టయ్య చేతిలోని చాట కింద పెట్టేశాడు. పదకొండేళ్ళు లోకమంతా పిచ్చోడంటే, సారు సరే అని ఊరుకున్నారు. సారు రోజూ పొద్దున పోయే వాకింగు ఎక్కడికో కూడా ఇప్పుడు తెలిసింది. అతనికి సిగ్గేసింది, ఆ తరవాత చాలా సంతోషమేసింది.

మర్నాడు ల్యాబ్ తాళం తీసేసరికి సారు గుమ్మంలో ఉన్నారు.

"రెండు పలకలియ్యప్పా."

"ఇంక దేనికి సార్?"

"ఆ బస్తీ పైవరసలో ఇంకో ఇంటి వెనక కూడా అట్లాంటి రాయే చూసినా నిన్న. అక్కడ ఇంకో ముసలాయన, ఒక్కడే ఉండాడు. ఆయనకు వేరేచోటు చూస్తాండా. దొరికేదాకా..." అంటూ సారు చెయ్యి చాపారు.

గట్టయ్య బీరువా తెరిచి రెండు పలకలు సారుకిచ్చాడు. మిగిలిన డబ్బా తన సంకలో పెట్టుకుని, జిగురు ట్యూబు తీసుకుని, నేరుగా హెడ్ గది తలుపు తట్టాడు. కమలాదేవి మేడం కొత్త రంగు వేసిన గోడ ముందు కూర్చుని ఉన్నారు.

"ఏంటి గట్టయ్యా?"

"జర కుర్చీ ముందుకు జరుపుకోండ్రి మేడం. మీ వెనక గోడకు సన్నగ పగులు వడుతున్నది" అన్నాడు గట్టయ్య, స్కెచ్ పెన్ను మూత తీస్తూ.