నడుము ఎత్తులో స్ట్రైనర్

నెల్లూరులో డిప్లొమా ముగించాక నాకు దొరికిన తొలి ఉద్యోగం జువ్వలదిన్నెకు కాస్త దూరంగా, సముద్రం ఒడ్డునున్న ఒక రొయ్య పిల్లల హేచరీలో. మా ఇంట్లో అందరూ వరి పండించేవాళ్లే. ఉప్పునీటి మీద జీతం తీసుకున్న మొదటి మనిషిని నేను. పంపులు, పైపులు, వాల్వులు నా బాధ్యత. చేరిన వారంలోనే రెంచీ పట్టుకుని ఫోటో దిగి అమ్మకు పంపించాను.

సముద్రపు నీళ్లు మిద్దె మీది ట్యాంకులోకి ఎక్కి, అక్కణ్ణుంచి గోడ వెంట పైపులో కిందికి దిగి, నేలను ఆనుకుని షెడ్డులోకి వస్తాయి. షెడ్డులో సన్న ఫిల్టర్లు, వాటి తర్వాత రొయ్య పిల్లల తొట్లు. ఉప్పునీటి పైపుల లోపల గుల్లలు పెరుగుతాయి. అవి విరిగి కొట్టుకొస్తే సన్న ఫిల్టర్లు పూడిపోతాయి. అందుకని వాటికి ముందు ఒక స్ట్రైనర్ ఉండేది. పైపుకు పక్కనుంచి ఏటవాలుగా ఒక పొట్టి కాలు, ఆ కాలు లోపల స్టీలు జల్లెడ, చివర మూత. చెత్త జల్లెడలో ఆగుతుంది. వాల్వు కట్టేసి, మూత విప్పి, జల్లెడ కడిగితే సరి.

ఆ కడిగే పని ఒక అక్కది. పక్క పల్లెలోనే ఇల్లు, వాళ్లాయన వేటకు పోతాడు. ఏళ్ల తరబడి చేపల గంపలు మోసి ఆమె నడుము దెబ్బతింది. రోజూ పొద్దున్నే గచ్చు మీద చతికిలబడి, పక్కకు వంగి, నేలవైపు చూస్తున్న ఆ మూతను విప్పుతుంటే నాకే నొప్పి పుట్టేది. పాత స్ట్రైనర్ తుప్పు పట్టి కొత్తది తెప్పించినప్పుడు, ఈసారి మూత పైకి పెట్టిద్దామనుకున్నాను.

ప్లంబరన్న ఒప్పుకోలేదు. "మూత కిందికే ఉండాల మేడం."

"ఎందుకన్నా?"

"ఏమో. మా మేస్త్రి అట్టనే చెప్పినాడు."

కొత్త డిప్లొమాకు అది కారణంలా కనిపించలేదు. "బాణం గుర్తు నీళ్లు పోయే వైపుంటే చాలు. మూత పైకి తిప్పు, అక్క స్టూలు మీద కూర్చుని విప్పుకుంటుంది" అన్నాను. ఆయన తల గోక్కుని అలాగే బిగించాడు.

ఆ రోజు నుంచి జల్లెడ ఎప్పుడు తీసినా అద్దంలా ఉండేది. నేను పొంగిపోయాను.

"చూసినావా అక్కా, ఎంత శుభ్రంగా ఉందో!"

"బో శుభ్రంగా ఉండాది. అదేమ్మా నా అనుమానం. మొన్నటిదాకా రోజూ గుప్పెడు గుల్లలొచ్చేవి. ఇప్పుడేంది, సముద్రానికి బుద్ధొచ్చిందా?"

నేను నవ్వేసి పోయాను. ఆమె నవ్వలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక ఉదయం తొట్లలోకి నీళ్లు దారంలా పడుతున్నాయి. సన్న ఫిల్టర్లు విప్పితే తెల్లటి ముద్ద, సున్నం తడిపినట్టు. ఓనరుగారు వచ్చి నిలబడ్డారు. "ఏందమ్మా ఇది? పిల్లలకి నీళ్లు మార్చాల గదా!"

అక్క వాల్వు కట్టి స్ట్రైనర్ మూత విప్పింది. జల్లెడ ఖాళీ. దాన్ని బయటికి లాగి, "లోపల చెయ్యి పెట్టి చూడమ్మా" అంది. వేలు పెట్టాను. కింద పైపులో గుల్లలు పోగుపడి గరగరమన్నాయి.

అప్పుడు అర్థమైంది. నీళ్లు పారుతున్నంతసేపు గుల్లలు పైకెక్కి జల్లెడకు అతుక్కుంటాయి. కడగడానికి వాల్వు కట్టగానే తిరిగి పైపులోకి రాలిపోతాయి. మళ్లీ వదిలితే మళ్లీ ఎక్కుతాయి. అలా రోజూ దొర్లి దొర్లి, ఒకదాన్నొకటి అరగదీసుకుని, పిండై జల్లెడ కన్నాల్లోంచి జారిపోయాయి. మూత కిందికుంటే రాలినవి రాలినట్టు ఆ కాలులోనే ఉండిపోతాయి. మేస్త్రి చెప్పింది అందుకే.

"తప్పు నాదే సార్" అన్నాను.

"ముందు నీళ్లు రానియ్‌. తప్పు యాడికీ పోదులే" అన్నారు ఓనరుగారు.

పైపు కడిగి, సన్న ఫిల్టర్లు మార్చి, స్ట్రైనర్‌ను కిందికి తిప్పించాం. తీరా చూస్తే ఇది పాతదానికంటే పొడుగు. మూతకూ గచ్చుకూ మధ్య నాలుగు వేళ్ల సందు కూడా లేదు. జల్లెడ సగం వచ్చి నేలకు తగులుతోంది.

"గచ్చు పగలగొట్టి గుంత తీద్దాం" అన్నాడు ప్లంబరన్న.

"తియ్యి. రోజూ ఆ గుంతలోకి నువ్వు దిగుతావా?" అంది అక్క. తర్వాత నా చెయ్యి పట్టుకుని షెడ్డు బయటికి తీసుకెళ్లింది. గోడ వెంట దిగుతున్న పైపును చూపించింది. "నీళ్లు దిగేది ఈడ గదా. ఈడ పెడితే నిలబడే విప్పుతా. కుదరదా?"

కుదురుతుందో లేదో నాకు తెలియదు. ఈసారి తెలిసినట్టు మాట్లాడలేదు. స్టోరుకు పోయి, కొత్త స్ట్రైనర్ అట్టపెట్టెలో నేను చదవకుండా వదిలేసిన కాగితం తీశాను. నిలువు పైపుకు బొమ్మలు రెండున్నాయి. నీళ్లు పైకెక్కే పైపు మీద కొట్టివేత గుర్తు. నీళ్లు కిందికి దిగే పైపు మీద, కాలు కిందికి చూసేలా ఉంటే టిక్కు. మాది దిగే పైపే! కాగితం ఊపుకుంటూ పరుగెత్తాను.

అక్కను గోడకు ఆనించి నిలబెట్టి, ఆమె నడుము ఎత్తులో చాక్‌పీసుతో గీత గీశాను. ప్లంబరన్న అక్కడ స్ట్రైనర్ బిగించాడు, బాణం కిందికి, కాలు ఏటవాలుగా కిందికి. జల్లెడ పూర్తిగా బయటికొచ్చేంత చోటు వదిలాడా లేదా అని టేపుతో రెండుసార్లు కొలిచాను.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం అక్కడ చేరాం. అక్క వాల్వు కట్టి, కింద బకెట్టు పెట్టి, నిలబడే మూత విప్పింది. గుల్లలు బొలబొలా రాలాయి. వాటి వెంట నాచు, ఒక పీత కాలు. చెత్తను చూసి అంత సంబరపడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

"నడుం ఎట్టుందక్కా?" అని అడిగాను.

"ఒక్కరోజుకేనా? సాయంత్రం అడుగు" అంది. కానీ ముఖం విప్పారింది.

ఆ నెలలోనే ఓనరుగారు రెండో షెడ్డుకూ అలాగే పెట్టమన్నారు. ప్లంబరన్న స్ట్రైనర్ పట్టుకుని, ఎంత ఎత్తులో అని నావైపు చూశాడు. నేను నోరు తెరిచేలోగా అక్క పోయి గోడకు ఆని నిలబడింది.

"ఇంకొంచెం దించు. ఈ షెడ్డులో కడిగే ఆమె నాకంటే పొట్టి" అంది.