బర్ఫుకు తోడు

ఆ రోజుల్లో నాకు సైన్సు ఉర్దూలో వచ్చు, జీతం మాత్రం తెలుగులో చెబితేనే వస్తుంది. నిజాం కాలపు బడిలో గట్టి పదార్థాన్ని 'ఠోస్', ద్రవాన్ని 'మాయె' అంటూ చదువుకున్నవాణ్ని. రాజ్యం మారి, బడుల్లో భాష మారి, నేను ఖానాపూర్‌లో సైన్సు పంతులుగా కుదిరేసరికి చేతికొచ్చిన తెలుగు పుస్తకం నన్ను చూసి నవ్వింది. (తిరిగి నవ్వే ధైర్యం నాకు లేదు.) ఘనీభవనం, ద్రవీభవనం, బాష్పీభవనం అని అందులో మూడు మాటలున్నాయి. రోజూ పొద్దున్నే వాకిట్లో తిరుగుతూ వాటిని వల్లెవేసేవాణ్ని. అమ్మానాన్నలను మేం అవ్వ, బాపు అంటాం; బాపు ఊళ్లో మగ్గం వదిలి రానన్నాడు కాబట్టి నాకు వండిపెట్టడానికి మా అవ్వ వచ్చి ఉండేది. బియ్యం చెరుగుతూ విని విని ఒకనాడు అడిగింది: "గిన్ని భవనాలు పెట్టుకొని మనం కిరాయింట్ల ఎందుకుంటున్నం బిడ్డా?"

నా నౌకరీ అప్పటికింకా పక్కా కాలేదు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి పాఠం వింటారు, పిల్లలకు తెలుగులో అర్థమయ్యేట్టు చెప్పగలిగితే ఉంచుతారు, లేకపోతే మూట సర్దుకోవాలి. నా సంగతి సరే, మగ్గం ఎక్కడికీ పోదు. కానీ వాడకట్టంతా మా అవ్వను 'సారు వాళ్లవ్వ' అని పిలుస్తుండేది. ఆ పిలుపు వినడానికే ఆవిడ రెండుసార్లు నీళ్లకు పోయేది. ఆ మాట ఆవిడ నోటి ముందునుంచి లాక్కోవడం నాకు ఇష్టం లేదు. మాట తడబడినా వస్తువు చూపిస్తే గట్టెక్కవచ్చని, బెల్లంపల్లి నుంచి వచ్చే బస్సు డ్రైవరును బతిమాలి బర్ఫుగడ్డ, అదే ఐసుగడ్డ, తెప్పించాను. ఆ ఊళ్లో పిల్లలు దాన్ని ఎన్నడూ చూడలేదు. రంపపు పొట్టు పోసి, గోనెసంచిలో చుట్టిన గడ్డ రేపు ఇన్‌స్పెక్టరు గారు వస్తారనగా సాయంత్రం దిగింది. దారిపొడుగునా కారుతూ వచ్చిందట. దాని పక్కన కూర్చున్న పెద్దమనిషి ధోవతి తడిసి, బస్సులో అందరూ ఆయన్ను అదోలా చూశారని డ్రైవరు చెప్పాడు.

"ఇదేంది బిడ్డా, రాయా?" అంది అవ్వ, వేలు పెట్టి చూసి చటుక్కున లాక్కుని.

"నీళ్లేనే అవ్వా. పేరుకున్నయి." పుస్తకంలో మాట అవ్వకు చెబితే మళ్లీ కిరాయింటి సంగతి వస్తుందని, నోటికొచ్చిన మాట అనేశాను.

"పెరుగు లెక్కనా?"

"ఆఁ, గట్లనే," అన్నాను, నా ధ్యాసంతా రేపటి పాఠం మీద ఉండి. నా కొంప ముంచింది ఆ 'గట్లనే'. బల్లలు సర్దిద్దామని నేను బడికి పోయి వచ్చేసరికి అవ్వ నిశ్చింతగా కూర్చుని ఉంది. నేనూ నిశ్చింతగా తిని పడుకున్నాను.

తెల్లారి చూస్తే గోనెసంచి చదునుగా పడి ఉంది. పొయ్యి పక్కన, వెచ్చగా, బాపు పాత శాలువా కప్పుకుని ఒక పెద్ద కుండ. మూత తీశాను. నీళ్లు.

"సంచిల ఉంటె కారిపోతుండె బిడ్డా. రేపటికి నీకేం మిగుల్తది అని, కుండెడు నీళ్లల్ల తోడేసిన," అంది అవ్వ, నాకన్నా పరేషాన్‌గా కుండలోకి తొంగిచూస్తూ. "శాలువ గూడ కప్పిన. ఎందుకు పేరుకోలేదో మరి. తోడు తక్కువైనట్టుంది."

"ఉన్నదంతా ఏసినవుగదనే. తక్కువెట్లైతది?"

అవ్వ శాలువా మడతపెడుతూ అసలు సంగతి చెప్పింది. తోడు అడిగితే లేదనకూడదు గదా, వాడకట్టోళ్లు గిన్నెలు పట్టుకొని వస్తే తలా ఇంత కొట్టి ఇచ్చిందట.

"నా నౌకరీ గంగల కలిసిందే అవ్వా," అనేసి, ఏమీ తినకుండా బడికి పోయాను.

ఇన్‌స్పెక్టరు గారు కోస్తా వైపు మనిషి. మా చలి ఆయనకు కొత్త. కాళ్ల దగ్గర బొగ్గుల కుంపటి పెట్టించుకుని కూర్చున్నారు. నేను నల్లబల్ల మీద 'ఘనీభవనం' అని రాసి, దానికేసి పిల్లలకన్నా దీనంగా చూశాను. ఆయనే అందుకున్నారు. "ఏమర్రా, నీళ్లు గడ్డ ఎప్పుడవుతాయి?"

"తోడేస్తె, సార్," అంది క్లాసు, ఒక్క గొంతుతో.

"తోడా?"

"మా ఇంట్ల గూడ ఏసిన్రు సార్. కాలే," అన్నాడొకడు. "మా ఇంట్ల గూడ," అన్నాడింకొకడు. ముందు వరసలో తెలివైనవాడు లేచి కారణం కూడా చెప్పాడు: "చలికాలం గద సార్. చలికి తోడుకోలే."

ఇన్‌స్పెక్టరు గారు నా వైపు తిరిగారు. నేను నేల వైపు తిరిగాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలో అవ్వ, కొంగు చాటున చిన్న మట్టి గురిగితో. "సారూ, తప్పు నాది. బర్ఫు నేను కరాబ్ చేసిన. గీ నెయ్యి జర చూడున్రి, ఇది మంచిగ పేరుకున్నది," అంది. అవ్వ లెక్కలో పేరుకున్నది ఏదైనా ఒకటే, లోటు తీరితే చాలు.

ఆ గురిగిని ఆయన కాళ్ల దగ్గరి కుంపటి మీద పెట్టాను. ఎలా తోచిందో ఇప్పటికీ తెలియదు. (ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నారు.) గట్టినెయ్యి అంచుల దగ్గర జారి, కరిగి, తళతళలాడింది. ఇంకాస్త కాగేసరికి కమ్మటి వాసన గదంతా కమ్ముకుని, పాఠం మీద ఎవరికీ ధ్యాస లేకుండా పోయింది. కొంచెం నెయ్యి పళ్లెంలో పలచగా పోసి బయట చలిలో అరుగు మీద పెట్టించాను. కాసేపటికి తెచ్చి చూస్తే పేరుకుని ఉంది. "దీనికి తోడెవరేసిన్రురా?" అన్నాను. ఎవరూ వేయలేదన్నారు. "మరి ఎట్ల పేరుకున్నది?" తెలివైనవాడు తల గోక్కున్నాడు. "చలికి సార్. పెరుగుకు చలి పడది. నెయ్యికి చలే గావాలె." వాడు కూర్చోబోయి మళ్లీ లేచాడు. "నీళ్లకు గూడ, సార్. ఇంకా మస్తు చలి గావాలె."

"మాస్టారూ," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు లేస్తూ, "ఆ భవనాలు నిదానంగా కట్టుకోవచ్చు. ముందు ఈ పేరుకోవడం ఉంచండి." నా నౌకరీ నిలిచింది. మధ్యాహ్నం మా ఇంట్లో ఆయన అన్నంలో నెయ్యి పోసుకుంటుంటే అవ్వ మళ్లీ 'సారు వాళ్లవ్వ' అయి కూర్చుంది. ఓటమి మాత్రం ఒప్పుకోలేదు. "తోడు పాతదిచ్చిండు ఆ బెల్లంపల్లోడు," అని కన్ను మూసేదాకా అంటూనే ఉంది.

సైన్సు చెప్పి చెప్పి పింఛనులో పడ్డాక ఎక్కడో చదివాను, బాగా చల్లబడినా గడ్డకట్టకుండా మొండికేసే నీళ్లలో చిన్న మంచుముక్క వేస్తే చాలట, గడ్డకట్టడం మొదలవుతుందట. అవ్వకు చెబుదామంటే అవ్వ లేదు. ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్జు ఉంది. ట్రేలో నీళ్లు పోసినప్పుడల్లా పాత ముక్క ఒకటి అందులో వేస్తాను. ఎందుకండీ అని మా ఆవిడ నవ్వుతుంది. "తోడు," అంటాను. ఇంత సైన్సు చెప్పినవాణ్ని, పొద్దున్నే తలుపు తీసి, అది పేరుకుందో లేదో అని తొంగిచూస్తాను.